రక్తం తక్కువ, ఐరన్ ఎక్కువ: గుంటూరు ఓపీలో ఒక కేసు

గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల కూలికి వెళ్లే ఆడవాళ్లు ఓపీకి వస్తే చాలావరకు పొద్దుగూకాకే వస్తారు. తొడిమలు తీసే పని, తాలుకాయలు ఏరే పని అయ్యాక ముఖం కడుక్కుని, చేతుల మంట ఇంకా చల్లారకముందే వచ్చి కూర్చుంటారు. చీరల్లోంచి వచ్చే ఘాటుకి పక్కవాళ్లు తుమ్ముతూ ఉంటారు. ఈ కేసులో ఆమె కూడా అలాగే వచ్చింది. వయసు 29. ఆరేళ్ల బాబు. చెప్పిన బాధ ఒక్కటే, నీరసం. బస్తా అవతలికి జరిపినా ఆయాసం వస్తోందంది.

ఆమె ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. పేరు, ఊరు చెప్పడం లేదు. గుర్తుపట్టడానికి వీలున్న ఒకటి రెండు సంగతులు మార్చాను.

మొదటిసారి ఆమె చేతిలో రక్తకణాల లెక్క చెప్పే సీబీపీ రిపోర్టు ఒకే ఒక్కటి ఉంది. హిమోగ్లోబిన్ 7.9. ఎర్రకణం సైజు చెప్పే ఎంసీవీ 66, అంటే కణాలు బాగా చిన్నవి. వయసులో ఉన్న ఆడమనిషి, నెలసరి కాస్త ఎక్కువే అంటోంది, తిండి అంతంతమాత్రం. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. ఇలాంటి సీబీపీలు రోజూ చూస్తూనే ఉంటాం. నేను ఐరన్ మాత్ర రాసి నెల తర్వాత రమ్మన్నాను. రక్తపు చుక్క స్లైడ్‌ని మైక్రోస్కోపులో చూడలేదు, ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ పరీక్ష రాయలేదు. కింది రెప్ప లాగి పాలిపోయిందని చూశాను గానీ, పై రెప్ప ఎత్తి తెల్లగుడ్డు పచ్చగా ఉందేమో చూడలేదు. కడుపు మీద చెయ్యి వేయలేదు. ఇది నా పొరపాటు. దీన్ని దాచిపెడితే ఈ కేసు రాసి ప్రయోజనం లేదు.

కవర్లోని కాగితాలు

నెల తిరిగాక వచ్చింది. హిమోగ్లోబిన్ 7.8.

"మాత్రలు వేసుకున్నావా అమ్మా?" అన్నాను.

"ఒక్కరోజు మానలేదు మేడం. విరోచనం నల్లగా వస్తానే ఉంది. నాకు రక్తం పట్టదు మేడం, ఎన్ని వేసినా అంతే" అంది.

ఆ రెండో మాట దగ్గర ఆగాను. విరోచనం నల్లబడిందంటే మాత్ర నిజంగానే మింగుతోంది. ఐరన్ లోటున్న మనిషికి ఐరన్ పడితే నెలకి హిమోగ్లోబిన్ కనీసం ఒక గ్రాము పెరగాలి, మామూలుగా ఇంకా ఎక్కువే పెరుగుతుంది. ఇక్కడ కదలనే లేదు. "ఎన్ని వేసినా అంటున్నావు, ఎన్నాళ్ల నుంచి?" అని అడిగితే, చీరల షాపు కవరొకటి టేబుల్ మీద పెట్టింది. నాలుగు మడతలు పెట్టిన కాగితాలు, మడతల దగ్గర చిరిగిపోయి ఉన్నాయి. కొన్నిటి మీద సిరా వెలిసిపోయింది. ఎనిమిదేళ్ల రిపోర్టులు. వాటిని తేదీల వారీగా పేర్చి, ఒక తెల్లకాగితం మీద అంకెలు వరసగా రాశాను: 8.1, 7.8, 8.0, 7.6, 8.2, 7.9. మధ్యలో ఒక్కచోట మాత్రమే 9.8 ఉంది. అది కాన్పప్పుడు రెండు యూనిట్ల రక్తం ఎక్కించిన మరుసటి వారం. మూడు నెలలు తిరిగేసరికి మళ్లీ 8.0.

కాన్పు తర్వాత ఐరన్ సెలైన్లు కూడా పెట్టారు. ఐదుసార్లు, సారికి 200 మిల్లీగ్రాములు. మొత్తం ఒక గ్రాము ఐరన్ నేరుగా నరంలోకి వెళ్లింది. అయినా మార్పు లేదు. ఇంత ఐరన్ లోపలికి వెళ్లింది కదా, అది ఏమైంది అని ఆ ఎనిమిదేళ్లలో ఎవరూ అడగలేదు. అలా అడగనివాళ్లలో నేనూ ఉన్నాను.

ఆ కవర్లో ఇంకో సంగతి దొరికింది. నాలుగు రిపోర్టుల్లో తెల్లకణాలు 15 వేలు, 16 వేలు అని ఉంది. దాంతో ఇన్ఫెక్షన్ అనుకుని మూడుసార్లు యాంటీబయాటిక్ కోర్సులు వాడించారు. ఆమెకి ఒక్కసారీ జ్వరం లేదట.

మళ్లీ మొదటి నుంచి చూశాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి పగటి వెలుతురులో చూస్తే తెల్లగుడ్డు లేతపసుపు రంగులో ఉంది. "చిన్నప్పటి నుంచీ అంతే మేడం. ఏటా కామెర్లని పసరు తాగించేవాళ్లు" అంది. చెంప ఎముకలు కాస్త ఎత్తుగా ఉన్నాయి. ఒంటి రంగు ఎండకి నల్లబడినట్టు కాకుండా బూడిద కలిసిన నలుపులా ఉంది. పడుకోబెట్టి ఎడమ డొక్క కింద చెయ్యి పెడితే ప్లీహం ఆరు సెంటీమీటర్లు కిందికి తగిలింది. తోడొచ్చిన అత్తగారు అది చూసి, "కడుపులో బల్ల ఉందని మా అమ్మ ఎప్పుడో చెప్పిందమ్మా" అంది. పాతకాలం వాళ్లు ప్లీహం పెరిగితే బల్ల అంటారు. ఆ ముసలమ్మ చేత్తో పట్టుకున్న జబ్బుని నేను నెలరోజులు ఆలస్యంగా పట్టుకున్నాను.

స్లైడ్

ఆ సాయంత్రం ల్యాబుకి వెళ్లి పెథాలజిస్టు పక్కన కూర్చుని స్లైడ్ నేనే చూశాను. ఐరన్ లోటు స్లైడ్‌లో కణాలు పాలిపోయి, సన్నగా, కొన్ని పెన్సిల్ ముక్కల్లా పొడుగ్గా ఉంటాయి. ఇక్కడ అలా లేదు. ఏ రెండు కణాలూ ఒకలా లేవు. కొన్ని మధ్యలో చుక్క పెట్టిన గురిబిళ్లల్లా, కొన్ని కన్నీటి బొట్టుల్లా, కొన్ని పగిలిన పెంకుల్లా ఉన్నాయి. కొన్నిటి లోపల నీలం నలకలు చల్లినట్టు ఉంది. అన్నిటికంటే ముఖ్యంగా, ప్రతి చూపులోనూ రెండు మూడు కేంద్రకం ఉన్న ఎర్రకణాలు కనపడ్డాయి. అవి మూలుగ లోపల ఉండాల్సిన పచ్చికాయలు. పండకముందే మూలుగ వాటిని రక్తంలోకి తోసేస్తోంది.

యాంటీబయాటిక్‌ల సంగతి ఇక్కడే తేలింది. సాధారణ మెషీన్ కేంద్రకం కనపడితే తెల్లకణమని లెక్కేస్తుంది. ఆ రోజు మెషీన్ 16,000 చూపించింది. వంద తెల్లకణాలకి నలభై కేంద్రకమున్న ఎర్రకణాలు ఉన్నాయి. ఆ లెక్క సరిచేస్తే తెల్లకణాలు 11,400 చిల్లర. ఇన్ఫెక్షన్ అసలు లేదు. కంటితో ఒక్క స్లైడ్ చూసి ఉంటే ఆ మూడు కోర్సులు తప్పేవి.

తర్వాతి పరీక్షలు త్వరగానే దారి చూపించాయి. కళ్లు పచ్చబడేలా చేసే బిలిరుబిన్ 3.2, అదీ ఎక్కువభాగం ఎర్రకణాలు విరిగితే వచ్చే రకం. పిత్తాశయంలో రాళ్లున్నాయి గానీ నొప్పి లేదు. ఫెరిటిన్ 1,860. రక్తంలో ఐరన్‌ని మోసే ప్రొటీన్ ఎంత నిండిందో చెప్పే ట్రాన్స్‌ఫెరిన్ సంతృప్తత 88 శాతం. మామూలు మనిషికి అది 20 నుంచి 45 మధ్య ఉంటుంది. వాపు ఉన్నా ఫెరిటిన్ పెరుగుతుంది కాబట్టి సీఆర్పీ కూడా చూశాను, మామూలుగానే ఉంది. అంటే ఫెరిటిన్ చెప్పేది నిజమే, ఒంట్లో ఐరన్ గుట్టలుగా ఉంది. హిమోగ్లోబిన్ రకాలు విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ పరీక్షలో పసిపిల్లల హిమోగ్లోబిన్ అయిన ఎఫ్ 38 శాతం, ఏ2 అనే ఇంకో రకం 5.4 శాతం. బీటా తలసీమియా, హిమోగ్లోబిన్ సరిగా తయారవని పుట్టుజబ్బు. చిన్నప్పటి నుంచీ నెలనెలా రక్తం ఎక్కించాల్సిన మేజర్ రకం కాదు, అలాగని మారిన జన్యువు ఒక్కటే ఉండి ఏ బాధా లేని క్యారియర్ కూడా కాదు. మధ్యరకం, ఇంటర్మీడియా అంటాం. జన్యుపరీక్ష చేయించలేదు. ఖర్చు ఒక కారణం. ఈమె విషయంలో దాని ఫలితం వల్ల మందు మారదన్నది రెండోది.

ఫించ్ వదిలిన రెండు ప్రశ్నలు

రక్తం లేని మనిషి ఒంట్లో ఐరన్ ఎలా పేరుకుంటుంది? ఈ ప్రశ్న నన్ను చాలా రాత్రులు పట్టుకుంది. చదువుతూ పోతే ఒక పరిశోధకుడి జీవితం మొత్తం దీని చుట్టూనే తిరిగిందని తెలిసింది. క్లెమెంట్ ఫించ్, అమెరికా డాక్టరు. 1915లో పుట్టారు. 1949లో సియాటిల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీకి వెళ్లి రక్తవ్యాధుల విభాగాన్ని నిలబెట్టి, అక్కడే పనిచేస్తూ పెద్దవారయ్యారు.

అంతకుముందే, 1937లో ఇంగ్లండులో మెకాన్స్, విడోసన్ అనే ఇద్దరు ఒక సంగతి తేల్చారు. ఎక్కువైన ఐరన్‌ని బయటికి పంపే దారి మన ఒంట్లో లేదు. ఉప్పు ఎక్కువైతే మూత్రంలో పోతుంది, ఐరన్ పోదు. కాబట్టి లోపలికి ఎంత రానివ్వాలో చిన్నపేగు దగ్గరే తేలిపోవాలి. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒంట్లో మూడు నాలుగు గ్రాముల ఐరన్ ఉంటుంది. రోజూ పోయేది ఒకటి రెండు మిల్లీగ్రాములు, లోపలికి వచ్చేదీ అంతే. కొత్త ఎర్రకణాలకి కావాల్సిన 20, 25 మిల్లీగ్రాములు మాత్రం పాత కణాలు విరిగినప్పుడు దొరికే ఐరన్ నుంచే వస్తాయి. ఇంట్లో పాత ఇత్తడి కరిగించి కొత్త చెంబు పోయించుకున్నట్టు.

ఫించ్ బృందం ఈ తిరుగుడుని కొలిచింది. అతి కొద్దిగా రేడియోధార్మిక ఐరన్‌ని రక్తంలోకి పంపి, అది ప్లాస్మా నుంచి ఎంత వేగంగా మాయమవుతోంది, రెండు వారాల్లో ఎంత భాగం ఎర్రకణాల్లో తేలుతోంది అని చూసేవారు. ఆరోగ్యవంతుల్లో పంపినదాంట్లో చాలా భాగం కొత్త కణాల్లో కనిపిస్తుంది. తలసీమియాలో వేరే కథ. ఐరన్ మూలుగలోకి మామూలు కంటే ఎన్నో రెట్లు వేగంగా దూసుకుపోతుంది, కానీ కణాలుగా బయటికి వచ్చేది చాలా తక్కువ. మూలుగ రాత్రింబవళ్లు పనిచేస్తోంది, తయారవుతున్న కణాలు అక్కడే చచ్చిపోతున్నాయి. వీటి హిమోగ్లోబిన్‌లో ఒక గొలుసు సరిగా తయారవక, మిగిలిపోయిన రెండో గొలుసు ముద్దకట్టి కణాన్ని చంపేస్తుంది. ఈ వృథా శ్రమకి అంకెలు దొరికింది ఫించ్ లాంటివాళ్ల లెక్కల వల్లే.

1994లో, దాదాపు ఎనభై ఏళ్ల వయసులో, ఫించ్ ఒక వ్యాసం రాశారు. పేగు దగ్గర ఐరన్‌ని అదుపు చేసేవి రెండు ఉండాలని అందులో వాదించారు. ఒకటి నిల్వలను చూసి తలుపు వేసేది, తీసేది. రెండోది మూలుగ ఆకలిని చూసి తలుపు తెరిపించేది. మూలుగ అరుపు నిల్వల మాటని మించిపోగలదని ఆయన ఉద్దేశం. అవి రెండూ ఏ పదార్థాలో అప్పటికి ఎవరికీ తెలియదు. ఉండి తీరాలి అని మాత్రం జీవితమంతా చేసిన కొలతలు ఆయనకి చెప్పాయి.

2000, 2001లలో మొదటిది దొరికింది. కాలేయంలో తయారయ్యే 25 అమైనో ఆమ్లాల చిన్న ప్రొటీన్, హెప్సిడిన్. జర్మనీలో ఒక బృందం రక్తంలో, అమెరికాలో టోమస్ గాంజ్ బృందం మూత్రంలో దాన్ని పట్టుకున్నాయి. ఫ్రాన్సులో హెప్సిడిన్ లేని ఎలుకల ఒంట్లో ఐరన్ పేరుకుపోవడం చూశారు. 2004లో ఎలిజబెటా నెమెత్, గాంజ్ బృందం అది ఎలా పనిచేస్తుందో చూపించింది. పేగు కణాల నుంచి ఐరన్‌ని రక్తంలోకి వదిలే ఫెర్రోపోర్టిన్ అనే ద్వారాన్ని హెప్సిడిన్ మూసేస్తుంది. ఫించ్ అప్పటికి బతికే ఉన్నారు. 2010లో, 94 ఏళ్ల వయసులో పోయారు. రెండోది, అంటే మూలుగ పంపే కబురు, 2014లో దొరికింది. లియోన్ కౌట్జ్, నెమెత్, గాంజ్ దానికి ఎరిత్రోఫెర్రోన్ అని పేరు పెట్టారు. ఎర్రకణాల పిల్లలు దాన్ని విడుదల చేస్తే కాలేయం హెప్సిడిన్ తగ్గిస్తుంది, పేగు తలుపు తెరుచుకుంటుంది. నాలుగేళ్లు ఆగి ఉంటే ఫించ్ అదీ చూసేవారు కదా అని నాకు బాధేస్తుంది.

నా పేషెంట్ కథంతా ఈ రెండో కబురే. ఆమె మూలుగ నిండా పుట్టీ పుట్టకుండా చచ్చిపోతున్న కణాలు. అన్నీ కలిసి ఐరన్ కావాలని కాలేయానికి అరిచి చెబుతున్నాయి. హెప్సిడిన్ పడిపోయింది. ఇలాంటివాళ్లు మాత్రలేమీ వేసుకోకపోయినా తిండిలోంచే రోజుకి మూడు నాలుగు మిల్లీగ్రాముల దాకా లాక్కుంటారు. అలా ఏళ్లు గడిస్తే గ్రాముల్లో చేరుతుంది. దాని మీద మేమంతా కలిసి మాత్రలు, సెలైన్లు పోశాం. ఎక్కించిన రక్తంలో యూనిట్‌కి ఇంకో 200 మిల్లీగ్రాములకి పైనే ఉంటుంది. తీసేసే దారి లేని ఒంట్లోకి ఇదంతా వెళ్లింది.

కాలేయంలో ఎంతుందో కొలవడానికి హైదరాబాద్ పంపి ఎమ్మారై చేయించాం. ఎండు బరువు గ్రాముకి 14.2 మిల్లీగ్రాములు. మామూలుగా 1.8 లోపు ఉండాలి. ఇంటర్మీడియాలో ఫెరిటిన్ చూపించే దానికంటే కాలేయంలో ఎక్కువే ఉంటుంది, ఈమె విషయంలోనూ అదే అయింది. గుండె, థైరాయిడ్, షుగర్ బాగానే ఉన్నాయి. ఆలస్యమైనా, మరీ ఆలస్యం కాలేదు.

యార్డు భాషలో

ఇదంతా ఆమెకి చెప్పాలి. ఎనిమిదేళ్లుగా "నీకు రక్తం లేదు, ఐరన్ వేసుకో" అని విన్న మనిషికి, ఇప్పుడు "నీకు రక్తం లేదు, ఐరన్ ముట్టుకోకు" అని చెప్పాలి. కాగితం మీద యార్డు బొమ్మ గీశాను.

"ఇది ఫ్యాక్టరీ. కాయ పట్టించి కారం చేసే చోటు. మిషను పాడైంది. వేసిన కాయలో సగానికి పైగా లోపలే మాడిపోతోంది, కారం బయటికి రావడం లేదు. గుమస్తాకి ఆ సంగతి తెలియదు. కారం రావట్లేదు కాబట్టి కాయ చాలలేదేమో అనుకుని, ఇంకా లారీలు పంపండి, ఇంకా పంపండి అని ఫోన్లు చేస్తున్నాడు. గేటు తీసేశారు. లారీలు వస్తూనే ఉన్నాయి. బస్తాలు ఎక్కడ పెడతారు?"

"కోల్డ్ స్టోరేజీలో" అంది.

"అదీ నిండిపోయింది. నీ కాలేయమే ఆ కోల్డ్ స్టోరేజీ."

ఆ బొమ్మ వంక చాలాసేపు చూసింది. "మరి ఇన్నాళ్లూ లారీలు పంపింది మీరే కదా మేడం" అంది. కోపంగా అనలేదు. లెక్క సరిచూసుకుంటున్నట్టు అంది. "అవునమ్మా, నేను కూడా ఒక నెల పంపాను" అన్నాను.

చికిత్స

ఐరన్ ఆ రోజే ఆపేశాం. ఫోలిక్ యాసిడ్ మాత్రం విడిగా, 5 మిల్లీగ్రాములు రోజూ. ఇంత వేగంగా పనిచేసే మూలుగకి ఫోలేట్ ఊరికే అయిపోతుంది. గవర్నమెంటు ఇచ్చే మాత్రలో రెండూ కలిసే ఉంటాయి కాబట్టి, అది మానితే ఇదీ పోతుందని జాగ్రత్తపడాలి. ఆ మాత్ర రాసేటప్పుడు యల్లాప్రగడ సుబ్బారావుగారిని ఎప్పుడూ తలుచుకుంటాను. 1895లో మన భీమవరంలో పుట్టి, అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకి నాయకత్వం వహించి, 1945లో తన బృందంతో ఫోలిక్ యాసిడ్‌ని కృత్రిమంగా తయారు చేయించిన మనిషి. తెలుగు ఊళ్లలో ప్రతి గర్భిణి చేతిలో ఉండే మాత్రలో ఆయన పని ఉంది.

తిండి విషయంలో ఒక తమాషా సలహా ఇవ్వాల్సి వచ్చింది. రక్తహీనత ఉన్నవాళ్లకి అన్నంతో టీ తాగొద్దని చెబుతాం, టీ ఐరన్‌ని పట్టి ఉంచేస్తుంది కాబట్టి. ఈమెకి అన్నం తిన్న వెంటనే టీ తాగమన్నాను. గోంగూర మానాలా అని అడిగింది. వద్దన్నాను. గుంటూరులో గోంగూర మానమంటే ఏ సలహా నిలవదు. పైగా ఆకుకూరల్లోంచి ఒంటికి పట్టే ఐరన్ కొద్దిదే. మాంసం, కాలేయం వారానికి ఒకసారికి తగ్గించమన్నాను. మాంసంలోని ఐరన్ సులువుగా పడుతుంది. రేషన్ బియ్యంలో అప్పటికి ఐరన్ కలిపిన గింజలుండేవి, కిలోకి 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల లెక్కన. అవి మానమని చెప్పలేదు. కూలికి వెళ్లే ఇంటికి రేషన్ బియ్యం మానమని చెప్పడం తేలిక, వాళ్లు ఏం తినాలో చెప్పడం కష్టం. ఆ కాస్తా మందు చూసుకుంటుంది.

ఐరన్‌ని బయటికి లాగే డెఫెరసిరాక్స్ మొదలుపెట్టాం. ఆమె బరువు 44 కిలోలు, రోజుకి 500 మిల్లీగ్రాములు. గ్లాసు నీళ్లలో కలిపి పరగడుపున తాగాలి. మొదటి రెండు వారాలు విరోచనాలై మానేస్తానంది, ఫోన్ చేసి ఓపిక పట్టించాను. నెలనెలా కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్, లివర్ పరీక్ష, మూత్రంలో ప్రొటీన్. ఏడాదికొకసారి కన్ను, చెవి. క్రియాటినిన్ 0.6 నుంచి 0.7కి వెళ్లి అక్కడే ఆగింది. ఇంకో బిడ్డ వద్దనుకున్నామని భార్యాభర్తలిద్దరూ చెప్పాక, జాగ్రత్తలు మాట్లాడుకుని హైడ్రాక్సీయూరియా కలిపాను. అది పసిపిల్లల హిమోగ్లోబిన్‌ని పెంచి మూలుగలో వృథాని కొంత తగ్గిస్తుంది. అందరికీ పనిచేయదు. ఈమెకి చేసింది.

ఇంటివాళ్లు

ఈ భాగమే నాకు కష్టమైంది. ఆమె అమ్మానాన్నలది మేనరికం. ఆమెదీ మేనరికమే, మేనమామ కొడుకు. భర్త కూడా క్యారియర్ అయితే బాబు పరిస్థితి ఏమిటన్న ప్రశ్న నాలుగు రోజులు గాల్లో ఉంది. భర్త ఏ2 2.6, మామూలే. బాబుకి 5.1, అంటే క్యారియర్. తల్లి దగ్గరున్న రెండు జన్యువులూ మారినవే కాబట్టి ఆమెకి పుట్టే ప్రతి బిడ్డా క్యారియర్ కాక తప్పదు. ఆ పిల్లాడికి జబ్బు లేదు, రాదు. స్కూల్లో ఎవరైనా సీబీపీ చూసి ఐరన్ పోయకుండా ఒక చీటీ రాసిచ్చాను.

ఆమె తండ్రి రిపోర్టు చూస్తే క్యారియర్ అని ఇట్టే తెలిసిపోతుంది. హిమోగ్లోబిన్ 12.1, ఎర్రకణాలు మాత్రం 59 లక్షలు, ఎంసీవీ 63. కణాలు చిన్నవి, కానీ సంఖ్య ఎక్కువ. ఐరన్ లోటులో సంఖ్య కూడా పడిపోతుంది. ఎంసీవీని పది లక్షల్లో లెక్కేసిన ఎర్రకణాల సంఖ్యతో భాగిస్తే 13 కంటే తక్కువ వస్తే తలసీమియా వైపు అనుమానించాలని 1973 నుంచి ఒక చిన్న లెక్క ఉంది. ఆయనకి 10.7 వచ్చింది. పెన్ను, కాగితం చాలు. ఆమెకి మాత్రం అదే లెక్క 17 చూపించింది, ఇంటర్మీడియాలో కణాల సంఖ్య కూడా పడిపోతుంది కాబట్టి. ఈ లెక్కని గుడ్డిగా నమ్మకూడదు.

ఆ పెద్దాయన తలపాగా చేతిలో పట్టుకుని, "అయితే తప్పు నాదామ్మా?" అన్నాడు. నాకు వెంటనే నోట మాట రాలేదు. "నీ తప్పు కాదు పెద్దాయనా, నీకు తెలిసే అవకాశమే ఎవరూ ఇవ్వలేదు. మన దేశంలో వందమందిలో ముగ్గురు నలుగురు నీలాగే ఉన్నారు" అన్నాను. ఆయన భార్య పక్కన నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చెల్లెలికి 22 ఏళ్లు. ఆమె కూడా క్యారియర్. సంబంధం కుదిరింది, దూరపు చుట్టరికమే. అబ్బాయికి పరీక్ష చేయిద్దామంటే అందరూ ఒకేసారి మాట్లాడారు. "బయటికి తెలిస్తే పెళ్లి ఆగిపోద్ది మేడం" అన్నది వాళ్ల భయం. అమ్మాయికి జబ్బు లేదని, ఇద్దరూ క్యారియర్లయితేనే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదమని, అలా అయినా గర్భం వచ్చిన పది పన్నెండు వారాల్లో పరీక్ష ఉందని చెప్పాను. మగపెళ్లివాళ్లు ఒప్పుకోలేదు. ముహూర్తం పెట్టేశారు. ఆ అమ్మాయి ఒక్కతే ఒకరోజు వచ్చి, నేను రాసిచ్చిన చీటీని లామినేషన్ చేయించి పర్సులో పెట్టుకున్నానని చూపించింది. "నెల తప్పగానే ఆయన్ని తీసుకొస్తా" అంది. ఆమె కోసం ఎదురుచూస్తున్నాను.

ఏడాదిన్నర తర్వాత

ఫెరిటిన్ ఆరు నెలలకి 1,540, ఏడాదికి 1,120, ఏడాదిన్నరకి 790. కాలేయంలో ఐరన్ ఏడాదికి 10.1కి తగ్గింది. అది 3కి వచ్చేదాకా మందు ఆపం, ఇంకా చాలా దూరం ఉంది. హిమోగ్లోబిన్ 9.2. అంకెగా చూస్తే చిన్న పెరుగుదలే. బస్తా అవతలికి జరిపితే ఆయాసం రావట్లేదని ఆమె చెప్పింది. ప్లీహం ఒక సెంటీమీటరు తగ్గింది. రాళ్లు అలాగే ఉన్నాయి, నొప్పి వస్తే సర్జన్‌కి చూపిస్తాం.

పోయిన నెల తనతో పాటు పక్క మనిషిని కూడా తీసుకొచ్చింది. యార్డులో ఇద్దరిదీ ఒకే కుప్ప. "దీనికీ ఎనిమిదే అంట మేడం. మాత్రలు మొదలుపెట్టకముందే ఒకసారి మీకు చూపిద్దామని" అంది. ఈసారి స్లైడ్ ముందు చూశాను. పాలిపోయిన కణాలు, పెన్సిల్ ముక్కలు. ప్లీహం తగల్లేదు, కళ్లు పచ్చగా లేవు. ఫెరిటిన్ 4. నెలసరి పదేసి రోజులు. గైనకాలజిస్టుకి ఉత్తరం రాసి, ఐరన్ మాత్ర రాశాను. నిమ్మకాయ పిండుకో, అన్నంతో టీ తాగొద్దు అన్నాను.

కొత్తామె అనుమానంగా ఈమె వంక చూసింది. "నువ్వేమో రోజూ అన్నం తిని టీ తాగుతావుగా?"

"నా స్టోరేజీ నిండిపోయింది. నీది ఖాళీ. రెండూ ఒకటెట్టా అయితాయే?" అంది ఈమె, ఆమె చేతిలో చీటీ తీసుకుని మందు పేరు చదువుతూ.

ఆరు వారాలకి ఆ రెండో ఆమె హిమోగ్లోబిన్ 8.3 నుంచి 10.9కి వచ్చింది.